నిప్పు రాకమున్నే దించిన గవాక్షము

మన తెలుఁగున గాజు అను మాటకొక చిత్రమైన గుణమున్నది. చేతికిఁ దొడుగుకొను మంగళాభరణమునకును, అది చేయఁబడిన పదార్థమునకును మనవారొక్కటే పేరు పెట్టిరి. తరువాత బంగారుతోఁ జేసినను, లక్కతోఁ జేసినను దానిని గాజనియే పిలుచుచున్నాము. గాజు పగిలినదనుట కీడని యెంచి చిట్లినదందుము. పదార్థమెంత పెళుసైనదో, దానిని గూర్చి పలుకునప్పుడు మన నాలుకయు నంత జాగ్రత్తగా మెలఁగును. నేనీ వ్యాసమున వ్రాయఁబూనినది చేతిగాజులను గూర్చి కాదు, క్రైస్తవుల ప్రార్థనామందిరములందలి రంగుగాజు గవాక్షములను గూర్చి. ఐనను సోదరీమణులు చేతిగాజులను మఱవక దీనిని జదువవలెనని కోరెదను. ఆ విద్య మర్మము సగము మన చేతులకే యున్నది.

మా కాపురము నాంపల్లిలో. చాపెల్ రోడ్డు మీఁదుగా అబిడ్సునకుఁ బోయి వచ్చుట మాకు నిత్యకృత్యము. ఆ ప్రాంతమున నాలుగడుగులకొక మందిరము కానవచ్చును. అబిడ్సులో సెంటు జార్జి మందిరమున్నది. దాని కూడలి దాఁటినచో గన్‌ఫౌండ్రీలో సెంటు జోసెఫ్ మందిరము. దానికి 1870లో శంకుస్థాపన జరుగఁగా 1875లో లోపల పూజలు మొదలైనవి. మొన కలిగిన కమానులును, నిడుపైన కిటికీలును ఐరోపాఖండపు మధ్యయుగమునుండి మన యూరికి నడచి వచ్చిన పద్ధతులు. దారిఁ బోవువారు వానిని జూచి ముందుకు సాగిపోదురు. అందు తప్పు లేదు. రంగుగాజు గవాక్షమును పగటివేళ వెలుపలినుండి చూచినచో నల్లని పెంకులును సీసపు గీతలును దప్ప నేమియుఁ గానరావు. లోపలికిఁ బోయి, వెలుఁగునకెదురుగా నిలిచి చూడవలెను. గోడపైఁ గట్టిన పటము తనపైఁ బడిన వెలుతురును మనకు తిరిగి యిచ్చును. ఈ గవాక్షమో, తనగుండ వచ్చిన వెలుతురునకే రంగు పులిమి మన యొడిలోఁ బోయును.

దీనిని జేయు విధమును థియోఫిలస్ అను సన్యాసి పండ్రెండవ శతాబ్ది యారంభమున విపులముగా వ్రాసి పెట్టినాఁడు. బీచి యను చెట్టు కట్టెల బూడిద రెండు పాళ్లు, శుభ్రమైన యిసుక యొక పాలు కలిపి కొలిమిలోఁ గరఁగించుట మొదటి పని. మన యిండ్లలో పొయ్యిబూడిదను గిన్నెలు తోమి పాఱవేయుదుము. ఆ దేశమున నదే గాజునకు మూలద్రవ్యమైనది. కరఁగిన ముద్దను గొట్టపుకొనకుఁ దగిలించి నోటితో నూఁది బుడగఁ జేసి, దానిని గొట్టమువలె సాఁగఁదీసి, నిలువునఁ జీల్చి, వేఁడిమిలోఁ బఱపినచో పలక యగును. రంగు పైపూఁత కాదు. కరఁగినపుడే లోహమును గలిపినందున గాజు ప్రాణములోనే రంగు నిలుచును. కోబాల్టు కలిపిన నీలము. రాగి కలిపిన నొకవేళ ఆకుపచ్చ, కొలిమి నడపిన తీరునుబట్టి మఱియొకవేళ నెత్తుటి యెఱుపు. మాంగనీసు కలిపిన వంగపండు రంగు. రాగి యెఱుపు మిక్కిలి చిక్కనిదగుటచే పలకయంతయు దానితోనే చేసినచో నల్లగాఁ గనిపించును. అందువలన తెల్లగాజుపై నెఱ్ఱగాజును పలుచని పొరగాఁ గప్పెడివారు. పదునాలుగవ శతాబ్దినుండి వెండి లవణమును గాజు వెనుకఁ బూసి కాల్చుటను నేర్చిరి. తెల్లని వెండి కొలిమిలోనుండి మేలిమి పసుపై వెడలును. దేవతల శిరోజములును, కిరీటములును ఆ వెండి పెట్టిన పసుపే.

పలకను గోయుటకు వజ్రపుమొన ముట్టు లేని కాలమది. కాలిన యినుపకడ్డీని పలకపై నడిపించిన దారిలో గాజు తానే చిట్లెడిది. చిన్ననాఁడు విరిగిన గాజుముక్కలను దీపపుసెగపై వంచి, ఒకదానిలో నొకటి తగిలించి, గొలుసులల్లి వాకిటికిఁ గట్టిన సోదరీమణులకు గాజు సెగకెట్లు లొంగునో, తొందరపడిన నెట్లు చిట్లునో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. కోసిన ముక్కలపై కనులు, పెదవులు, చీరమడఁతలు ముదురుగోధుమ వన్నె రంగుతో వ్రాసి మరల కాల్చి, ముక్కకు ముక్కకు నడుమ సీసపు బద్దీలనమర్చి యతుకుదురు. పటములో మన కంటికి నల్లని రేఖగాఁ దోఁచునది యీ సీసమే. ఇది చిత్రమును నిలుపు నెముకల గూడు.

అక్షరము రాని పామరులకుఁ గథ చెప్పుటకే యీ పటములు పుట్టినవందురు. మన తెలంగాణమున చేర్యాల నకాషీపనివారు వ్రాసిన పొడుగాటి పటములను విప్పుచు కథకులు కులపురాణములు వినిపించెడివారు గదా. పటము చుట్టఁ జుట్టి మోసికొని పోవచ్చును. గవాక్షము గోడను విడిచి కదలదు. ఆపద వచ్చినపుడు దానికదియే శాపమైనది.

1942వ సంవత్సరపు వసంతమును దలఁచినచో నొడలు గగుర్పొడుచును. మార్చి 28వ తేదీ రాత్రి ఆంగ్లేయుల విమానములు జర్మనీదేశపు లూబెక్ నగరముపై నగ్నివర్షము గురిపించినవి. ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు మన విశాఖపట్టణముమీఁదను, కాకినాడమీఁదను బాంబులు వేసినవి. జనులు పిల్లలను జంకఁబెట్టుకొని పల్లెలకుఁ దరలిపోయిరి. అదే నెల 29వ తేదీ తెల్లవాఱుజామున జర్మనులు ఇంగ్లాండులోని యార్కు నగరముపైఁ బడిరి. లూబెక్కునకుఁ బగతీర్చుకొనుటకై చారిత్రక నగరములనే యేఱి వేసిన దెబ్బలలో నిదియొకటి. బెడెకరు అను జర్మను ప్రకాశకులు యాత్రికులకొఱకుఁ బుస్తకములు వేయుచుండిరి. ఏ యూర నేది చూడఁదగినదో, దేనికెన్ని చుక్కలో అందుండును. ఈ దాడులకు లోకము బెడెకరు దాడులని పేరు పెట్టినది. చూచి యానందించుటకై వ్రాసిన పట్టిక కాల్చుటకు పట్టికయైనది. ఇంతకన్న విపరీతమును నేను పురాణములలోఁ జదువలేదు.

ఆ తెల్లవాఱుజామున యార్కులో రైలుస్టేషను తగులఁబడినది. పురాతనమైన నగరసభామందిరము తగులఁబడినది. కోనీ వీథిలోని సెంటు మార్టిన్ లే గ్రాండ్ అను పేటగుడియుఁ దగులఁబడినది. ఈ గుడికి పడమటిగోడలో 1437 ప్రాంతమునఁ జేయించిన పెద్ద గవాక్షమొకటి యుండెడిది. నగరమందలి మహామందిరమగు మిన్‌స్టరును విడిచినచో యార్కులో నంతటి మధ్యయుగపు గవాక్షము మఱియొకటి లేదు. చేయించినవాఁడు ఆ గుడి యాచార్యుఁడైన రాబర్టు సెమరు. తిరుమలలో కృష్ణదేవరాయలు దేవేరులతోఁ గూడి చేతులు జోడించి నిలిచినట్లు, ఈయనయు గవాక్షము క్రింద మోఁకరిల్లి కానవచ్చును. దాతలు తమ రూపమును దేవుని పాదములచెంత నిలుపుకొను కోరిక ఏ దేశమందైనను నొక్కటియే కాఁబోలు!

గవాక్షమునఁ జెప్పఁబడినది మార్టిన్ మహాశయుని చరిత్రము. ఆయన నాల్గవ శతాబ్దమున రోమకుల సేనలో భటుఁడు. చలికాలమున అమియాఁ నగరద్వారమునొద్ద బట్టలు లేక వణఁకుచున్న బిచ్చగానిని జూచి, తన యుత్తరీయమును కత్తితో రెండుగాఁ జీల్చి సగమిచ్చెనఁట. ఈ కథను జెప్పినపుడు మా చిన్నది, “కర్ణుఁడు కవచమంతయు నిచ్చెనే, ఈయన సగమే యిచ్చెనేమి?” అని యడిగినది. మా వారు నవ్వి, “కర్ణుఁడిచ్చినది యింద్రునకమ్మా, ఈయన యిచ్చినది చలికి వణఁకువానికి. రెండవ సగము లేకున్న తానును వణఁకవలసినదే గదా” అనిరి. నాకా సగమే ముద్దుగాఁ దోఁచినది. మార్టిన్ పండుగ నవంబరు 11వ తేదీన వచ్చును. 1918లో మొదటి ప్రపంచయుద్ధము చాలించిన దినమును నదియే.

గుడి తగులఁబడిన రాత్రి యీ గవాక్షము గోడలో లేదు. 1940లోనే ముందుచూపుతో దానిని దించివేసి భద్రపఱచిరి. ఇది చెప్పినంత సులువైన పని కాదు. గవాక్షము ఒక్క పలక కాదు. సీసముతోఁ గట్టిన పెక్కు ఫలకముల కూర్పు. ఒక్కొక్క ఫలకమును రాతిచట్రమునుండి యొలిచి, ఏది యెచ్చటిదో గుఱుతు పెట్టి, పెట్టెలలో గట్టిగా నమర్పవలెను. గుఱుతు తప్పెనా, పదేండ్ల తరువాత నెవ్వరి తల యెవ్వరి మెడపైఁ జేరునో తెలియదు. అప్పుడాయూరిలో ఇంత ఖర్చెందులకని సణిగినవారు లేకుండరని నా యూహ. రెండేండ్లు బోసికిటికీలతోఁ బూజలు జరిపి యుందురు. పైకప్పు కాలి కూలిన నాఁడు గాజు మాత్రము మిగిలినది. గోడలోనే యుండెనేని గాజుకన్న ముందు సీసము పోయెడిది. అది 327 డిగ్రీల వేఁడిమికే కరఁగి కాఱును. ఎముకలు కరఁగిన వెనుక దేహము నిలుచునా?

యార్కు మిన్‌స్టరు గాజులను, ఫ్రాన్సులో షార్త్రు మహామందిరపు గాజులను, గ్లాస్టరు మండలములోని ఫెయిర్‌ఫర్డు గుడి గాజులను గూడ ఆ యుద్ధకాలమున నిట్లే దించి దాఁచిరి. ఫెయిర్‌ఫర్డు చిన్నయూరి గుడి. మధ్యయుగపు గవాక్షములు ఇరువదియెనిమిదియు నేఁటికి నిలిచియున్నవి.

లూబెక్కులోని మేరీమాత గుడికిఁ గలిగిన గతి వేఱు. ఇటుకలతోఁ గట్టిన యా గొప్ప పేటగుడిలో ప్రాచీనపు గాజులు దాదాపుగ నన్నియు నా రాత్రి నశించినవి. గోపురమునుండి ఘంటలు మండుచుఁ బడి నేలలోఁ గ్రుంగి చితికిపోయినవి. ఆ చితికిన ఘంటలను పడినచోటనే నేఁటికి నుంచియున్నారు. ఎవరి గాజు పగిలినను గాజే గదా. గెలిచినవారి నష్టమే నష్టమని, ఓడినవారిది శిక్షయని చెప్పుట నాకు నోరాడదు.

యుద్ధానంతరము సెంటు మార్టిన్ గుడిని ఏమి చేయవలెనన్న ప్రశ్న పుట్టినది. జార్జి పేస్ అను వాస్తుశిల్పి 1961 మొదలు 1968 వఱకు దానిని జక్కఁబఱచినాఁడు. ఆయన గుడినంతటిని మునుపటివలెఁ గట్టలేదు. గోపురమును, దక్షిణపు నడవను నిలిపి కప్పు వేసి, తక్కిన భాగమును ఆకాశము క్రింద ముంగిలిగా విడిచినాఁడు. దించి దాఁచిన గవాక్షమునకుఁ దగిన క్రొత్తగోడను ఉత్తరపువైపునఁ గట్టి, ద్వారమునకెదురుగా నమర్చినాఁడు. తూర్పున హ్యారీ స్టామర్సు చేసిన క్రొత్తగాజు గవాక్షమున్నది. అందు వ్రాసిన కథ యేది యనుకొంటిరి? ఈ గుడి తగులఁబడుటయే. గుడిలోని వాద్యమగు ఆర్గన్ జర్మనీ ప్రభుత్వమును, ఆ దేశపు క్రైస్తవసంఘమును గలసి యిచ్చిన కానుక.

ఈ జీర్ణోద్ధరణపద్ధతి నాకెంతయు నచ్చినది. మా తండ్రిగారు నన్నొద్దఁ గూర్చుండఁబెట్టుకొని భారతభాగవతములు చెప్పునపుడు ‘గ్రంథపాతము’ అను మాటను మొదట విన్నాను. తాళపత్రము చెదలు తిని పద్యము పోయినచోట నచ్చుపుస్తకములో చుక్కలుండును. ఆ చుక్కలనేల పూరింపరాదని నేనడుగఁగా, పూరించువాఁడు తన పేరు చెప్పుకొన్నచో పూరింపవచ్చునని వారనిరి. పోతన భాగవతమున నైదవ స్కంధము గంగన, ఆఱవ స్కంధము ఏర్చూరి సింగన, మఱికొన్ని వెలిగందల నారయ చేసినవి; ఏది యెవరిదో చదువరికి తెలియును. పోతన పేర దొంగపద్యములు చేర్చియుండిన నేఁడు మన మే పద్యమును నమ్ముదుము? గాజుపనివారిలోను రెండు తెగలవారుండిరి. పగిలినచోట క్రొత్తముఖమును ప్రాఁతదానివలె మసిఁబూసి యతికినవారు కొందఱు. ఎవరి ముక్కయో తెలియని పెంకులన్నిటిని జేర్చి, అతుకుల బొంతవలె నొక గవాక్షముగాఁ గుట్టి, ఇవి పెంకులేయని చూపినవారు మఱికొందఱు. బొంతను జూచి పట్టుచీరయని మోసపోవువారుండరు, చలికదియుఁ బనికివచ్చును.

“పరాయిదేశపు గుడిలో పెంకులను గూర్చి నీకింత చింతయేల?” అని మా అత్తగారు మెత్తగా నన్ను మందలించిరి. నేను మా వీథిమలుపునందలి ప్రాఁత మేడను జ్ఞప్తికిఁ దెచ్చితిని. ఆ మేడ తలుపులపై నర్ధచంద్రాకారమున ఎఱుపు, నీలము, పసుపు గాజులుండెడివి. సాయంకాలపుటెండలో నెదుటిగోడపై హోళీ యాడినట్లుండెడిది. మేడ చేతులు మాఱినది. ప్రాఁతసామానుల వర్తకుఁడు వచ్చి చట్రములతో సహా యొలిచి కొనిపోయినాఁడు. విఱిగినవి మోరీప్రక్కఁ గుప్పగాఁ బడియుండెను. అక్కడ బాంబు పడలేదు, యుద్ధము లేదు. అత్తగారు కొంతతడవూరకుండి, “ఆ నీలపు బిళ్ల యొకటి నేను దెచ్చి తులసికోటలోఁ బెట్టితిని” అనిరి. ఆ సంగతి నాకంతవఱకుఁ దెలియదు.

మన ప్రాంతమున నీ విద్యను గన్నులారఁ జూడఁగోరువారు మెదకునకుఁ బోవలెను. నాంపల్లినుండి యించుమించు నూఱు కిలోమీటరులు. చార్లెసు వాకరు పాస్నెట్టు అను పాదిరి 1895లో సికిందరాబాదునకు వచ్చి, పిమ్మట మెదకునఁ గుదురుకొని, 1914 మొదలు 1924 వఱకు నచ్చటి మహామందిరమును గట్టించినాఁడు. కఱవునఁ జిక్కిన పల్లెలవారికి పనియుఁ గూడును గల్పించుట యా కట్టడపు టుద్దేశములలో నొకటి. 1924 డిసెంబరు 25వ తేదీన నది ప్రతిష్ఠింపఁబడినది. నూఱడుగుల వెడల్పు, రెండువందల యడుగుల పొడవు, నూటడెబ్బదియైదడుగుల గోపురము.

అందు మూఁడు పెద్ద గవాక్షములున్నవి. మూఁడును లండనులోని ఫ్రాంక్ సాలిస్‌బరీ కల్పనలు. ఆయన రాజుల చిత్తరువులు వ్రాసి పేరందినవాఁడు. ఐనను బాల్యమున నన్నగారి రంగుగాజు కర్మశాలలోఁ బనినేర్చినవాఁడు. వేదికవెనుక క్రీస్తు స్వర్గారోహణము 1927లో వచ్చినది. ఇరుప్రక్కల రెక్కలలో జననము 1947లోను, సిలువ వేఁత 1958లోను వచ్చినవి. మొదటిది నిజాము రాజ్యములోఁ జేరినది, మూఁడవది యాంధ్రప్రదేశములో. ఇప్పుడు మూఁడును తెలంగాణలో నున్నవి. గవాక్షము కదలలేదు, చుట్టుపట్ల రాజ్యములు కదలినవి. సాలిస్‌బరీ బొమ్మలలో నీడలు, మడఁతలు తైలవర్ణ చిత్రమునందువలె నిండుగా నుండును. మధ్యయుగపు పనివాఁడు ముక్కల పొంకమునే నమ్మి, వ్రాఁత తక్కువ చేసెడివాఁడు. నా మనసు ఆ ప్రాఁతదానివైపే మ్రొగ్గును. కాని మెదకులో మధ్యాహ్నమున నేలమీఁదఁ బడిన కెంపుకాంతిలోఁ గూలిపని చేసికొను స్త్రీయొకతె పసిబిడ్డ నాడించుచుండఁగాఁ జూచిన తరువాత నీ తారతమ్య విచారమును మా వారితో నెక్కువగా వాదింపలేదు.

ప్రాఁతయిండ్లలో రంగుటద్దములున్న సోదరీమణులకొక్క మాట. వానిని చింతపండుతోను, నిమ్మరసముతోను, సోడాతోను దోమకుఁడు. వ్రాఁతపని యున్నవైపు నసలు రుద్దరాదు. మెత్తని నూలుగుడ్డను మంచినీటఁ దడిపి, పిండి, మెల్లగా నద్దినచాలును. బూడిదగాజునకు తడియే పెద్దశత్రువు. ఐరోపాఖండపు ప్రాఁతగాజులపై వానచేతఁ బడిన గుంటలు మశూచి మచ్చలవలె నుండును. పలక క్రిందివైపు లావుగా నున్నచో గాజు కాలక్రమమునఁ గాఱి దిగినదని కొందఱు చెప్పుదురు, నమ్మకుఁడు. నోటితో నూఁదిన పలక మొదటినుండియు నట్లే హెచ్చుతగ్గులుగా నుండును. ముక్క యూడిపడినచో పాఱవేయక, ఏ తలుపునకు నే గడిలోనిదో కాగితముపై వ్రాసి దానితోఁ జుట్టి పెట్టెలో నుంచుఁడు.

మెదకునకుఁ బోవువారు ప్రొద్దుండఁగనే చేరుకొనుఁడు. సూర్యుఁడు క్రుంకినపిదప లోపల నెన్ని దీపములు వెలిఁగించినను ఆ గవాక్షములందు బొమ్మ కానరాదు.